అందరి ముందు నిలబెట్టి అడిగే ఇన్‌చార్జి కింద పనిచేస్తున్న లెక్చరర్‌కి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఆరేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నారు. ఈ ఏడాది కొత్త క్యాంపస్ ఇన్‌చార్జి వచ్చాక సోమవారం మీటింగుల్లో మిమ్మల్ని నిలబెట్టి, వీకెండ్ టెస్ట్ యావరేజ్ చూపించి, జూనియర్ల ముందు నానా మాటలు అంటున్నాడు. జీతం ప్రతి నెలా ఆలస్యం అవుతోంది. అడ్మిషన్ల టార్గెట్ పెట్టారు, పూర్తి చేయకపోతే వేసవి జీతం ఉండదంటున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు హెడ్డాఫీసులో ఉన్నాయి. ఇంట్లో మానేయమంటున్నారు. "తప్పు నాలోనే ఉందా సార్, గొడవ పెట్టుకోవాలా, వెళ్లిపోవాలా" అని అడిగారు.

నేను ఈ లైన్లో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. లెక్చరర్‌గా, సబ్జెక్ట్ హెడ్‌గా, కొన్నేళ్లు ప్రిన్సిపాల్‌గా పనిచేశాను కాబట్టి ఆ టేబుల్‌కి రెండు వైపులా కూర్చున్నవాడిని. మీ ప్రశ్నకి నా సమాధానం ఇదీ: ఆ ఇన్‌చార్జి మారతాడని ఎదురుచూడకండి, అతన్ని మార్చడానికి మీ శక్తి ఖర్చు చేయకండి. మిమ్మల్ని అక్కడ కదలనివ్వకుండా పట్టి ఉంచుతున్నవి ఏమిటో చూసుకుని వాటిని ఒక్కొక్కటిగా విడిపించుకోండి. ఉండాలా వెళ్లాలా అన్నది ఆ తర్వాత మీ చేతిలో ఉన్న నిర్ణయం అవుతుంది. ఇప్పుడు అది మీ చేతిలో లేదు, మీకు నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం అదే.

తప్పు మీదేనా అన్నది ముందు చూద్దాం, ఎందుకంటే ఆరేళ్లు బాగా చెప్పిన మనిషికి కూడా ప్రతి సోమవారం నిలబెట్టి అంటూ ఉంటే నిజంగానే తనకి చెప్పడం రాదేమో అనే అనుమానం వచ్చేస్తుంది. జేఈఈ మెయిన్ ప్యాటర్న్‌లో ఫిజిక్స్‌కి వంద మార్కులు. రొటేషనల్ మోషన్ లాంటి కష్టమైన చాప్టర్ వచ్చిన వారం యావరేజ్‌ని యూనిట్స్ అండ్ డైమెన్షన్స్ లాంటి సులువైనది వచ్చిన వారం యావరేజ్ పక్కన పెట్టి "పడిపోయింది" అనడం లెక్కే కాదు. టాప్ సెక్షన్‌ని, పదో తరగతిలో మార్కులు తక్కువ వచ్చిన పిల్లలను కలిపిన సెక్షన్‌ని ఒకే షీట్‌లో వరసగా పెట్టి చివరి పేరు ఎవరిదో చూడటం కూడా అంతే. ఇంకొకటి ఉంది, ఇది చాలామంది ఇన్‌చార్జులకి తట్టదు: తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది కాబట్టి, ఇంతకుముందు ఎనిమిది ప్రశ్నలు రాసి ఊరుకున్న పిల్లవాడు ధైర్యం వచ్చి పదిహేను రాయడం మొదలుపెట్టినప్పుడు కొన్ని వారాలు అతని మార్కులు తగ్గవచ్చు. అది మీరు బాగా చెబుతున్నందుకే జరుగుతూ ఉండవచ్చు.

అందుకని మీ సొంత లెక్క ఒకటి రాసుకోండి. మామూలు నోట్‌బుక్ చాలు. టెస్ట్ తేదీ, సిలబస్, ఎంతమంది రాశారు, ఎంతమంది రాలేదు, మీ సెక్షన్ ఫిజిక్స్ యావరేజ్, అదే టెస్టులో అదే సెక్షన్ మ్యాథ్స్, కెమిస్ట్రీ యావరేజ్. పక్క సెక్షన్‌తో పోల్చకండి, మీ సెక్షన్ మూడు సబ్జెక్టుల్లో ఫిజిక్స్ ఎక్కడుందో చూడండి. ఆరేడు టెస్టులు పోగయ్యాక నిజం కనబడుతుంది. నిజంగానే ఫిజిక్స్ ఒక్కటే వెనకబడి ఉంటే అది చదువు చెప్పే పనిలో ఉన్న సమస్య, సరిచేసుకోవచ్చు, ఏ చాప్టర్ దగ్గర మొదలైందో కూడా ఆ నోట్‌బుక్కే చెబుతుంది. మూడూ కలిసి పడితే అది సెక్షన్ సమస్య, మిమ్మల్ని ఒక్కరినే నిలబెట్టాల్సిన విషయం కాదు. ఈ లెక్కని మీటింగులో ఎదురు వాదనగా మాత్రం వాడకండి. నలుగురిలో ఓడిపోవడానికి అతను ఒప్పుకోడు, కక్ష పెరుగుతుంది. ముందు రోజే ప్రిన్సిపాల్ దగ్గరికో సబ్జెక్ట్ హెడ్ దగ్గరికో వెళ్లి ఒక కాగితం ఇచ్చి, "సార్, రేపు అడిగితే మీరు ఇది చూసి చెప్పండి" అనండి.

అతను అలా ఎందుకు ఉన్నాడో కూడా చెబుతాను, క్షమించమని కాదు, మీకు అర్థం కావాలని. చాలా క్యాంపస్‌లలో ఆదివారం రాత్రికి ఏజీఎం, అంటే జోన్ మొత్తాన్ని చూసే పై అధికారి, దగ్గర నుంచి ఫోన్ వస్తుంది, జోన్‌లో ఉన్న క్యాంపస్‌లన్నీ ర్యాంకుల వారీగా చదువుతారు, అక్కడ అతను పడిన మాటలే తెల్లారి మీకు చేరతాయి. పైగా ఇన్‌చార్జుల్లో చాలామంది ఒకప్పుడు మంచి లెక్చరర్లో, అడ్మిషన్లు బాగా తెచ్చినవాళ్లో. మనుషులతో పని చేయించడం ఎలాగో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. తమ మీద అరిచినవాళ్లని చూసి అరవడం నేర్చుకున్నారు. కానీ ఇదే ఒత్తిడిలో వేరేలా పనిచేసినవాళ్లను నేను చూశాను. గుంటూరు వైపు ఒక క్యాంపస్‌లో నా మీద ఉన్న ప్రిన్సిపాల్ యావరేజ్ తగ్గిన లెక్చరర్‌ని మీటింగులో ఒక్క మాట అనేవారు కాదు. తర్వాత రోజు ఆ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని పీరియడ్ మొత్తం వినేవారు, సాయంత్రం స్టాఫ్ రూమ్ బయట నిలబడి రెండు నిమిషాలు మాట్లాడేవారు, "బోర్డు మీద స్టెప్స్ వదిలేస్తున్నారు, మూడో వరస దాటి ఎవరికీ అందడం లేదు" అన్నంత స్పష్టంగా. ఏజీఎం నేరుగా లెక్చరర్లకి ఫోన్ చేస్తే ఊరుకునేవారు కాదు. ఆ ఫోన్లన్నీ తనే తీసుకునేవారు. అక్కడ ఏడాది మధ్యలో మానేసినవాళ్లు నాకు గుర్తు లేరు. కాబట్టి "ఈ ఫీల్డే ఇంత సార్" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఎవరో ఒకరు ఆ ఒత్తిడిని తన దగ్గర ఆపాలి, మీ ఇన్‌చార్జి ఆపడం లేదు.

ఇక సర్టిఫికెట్ల సంగతి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. చేరేటప్పుడు "వెరిఫికేషన్ కోసం" అని తీసుకుని ఏళ్ల తరబడి ఉంచేసుకుంటారు, చాలామందికి తీసుకున్నట్టు రసీదు కూడా ఉండదు. పదో తరగతి మెమో నుంచి పీజీ వరకు అవి మీ ఆస్తి, ఉద్యోగికి హామీగా పెట్టుకునే హక్కు యాజమాన్యానికి లేదు. ఇన్నేళ్లు పనిచేస్తాను, మధ్యలో మానేస్తే ఇంత కడతాను అనే బాండ్ మీద సంతకం పెట్టి ఉంటే అది వేరే లెక్క, ఆ రెండింటినీ కలిపి మిమ్మల్ని భయపెడతారు. బాండ్ చెల్లదని స్టాఫ్ రూముల్లో ధైర్యంగా చెప్పేస్తుంటారు, అది పూర్తిగా నిజం కాదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. అయితే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండ్‌లో ఎంత రాసుకున్నా దానికి మించకుండా న్యాయమైన పరిహారం మాత్రమే వస్తుంది, అది కూడా వాళ్లు కోర్టుకి వెళ్లి తేల్చుకోవాల్సిన డబ్బు విషయం. దానికోసం మీ డిగ్రీని బీరువాలో పెట్టుకోవడం కుదరదు.

రాజీనామా ఇచ్చిన రోజు సర్టిఫికెట్లు అడగకండి, అప్పుడు అవి వాళ్లకి ఆయుధం అవుతాయి. ఉద్యోగంలో ఉండగానే, అవసరం ఉన్నప్పుడు అడగండి. సెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) వెరిఫికేషన్, జేఎల్ (ప్రభుత్వ జూనియర్ లెక్చరర్) దరఖాస్తు, పాస్‌పోర్టు, హోమ్ లోన్, ఏదో ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. నోటితో ఒకసారి అడిగి ఊరుకోకుండా కాగితం మీద అడగండి: ఏ ఏ సర్టిఫికెట్లు, ఏ తేదీన, ఏ ఆఫీసులో, ఎవరికి ఇచ్చారో వరసగా రాసి, ఫలానా తేదీలోగా తిరిగి ఇవ్వమని. ఈమెయిల్ పెట్టండి, అదే లెటర్‌ని స్పీడ్ పోస్టులో చేరినట్టు రుజువు వచ్చేలా పంపండి. జవాబు రాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, కోర్టు ఆవరణలోనే ఉంటుంది. కేసు వేయకముందే రెండు పక్షాలనీ పిలిచి కూర్చోబెట్టే పద్ధతి అక్కడ ఉంది. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సహాయం ఉచితం, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. జడ్జి గారి ఆఫీసు నుంచి నోటీసు వెళ్లగానే హెడ్డాఫీసు బీరువాలు తెరుచుకోవడం నేను చూశాను. పోయాయని తప్పుడు అఫిడవిట్ ఇచ్చి డూప్లికేట్లు తెచ్చుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, ఆ పని అస్సలు చేయకండి, అది మీ మీద కేసు అవుతుంది. ఈలోగా ప్రభుత్వ ఆన్‌లైన్ పత్రాల ఖాతా డిజీలాకర్‌లో మీ మెమోలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. 2016 నాటి నిబంధనల ప్రకారం అక్కడ జారీ అయిన పత్రాలు ఒరిజినల్స్‌తో సమానం. పాత బ్యాచ్‌లవి కొన్ని ఉండకపోవచ్చు.

జీతం గురించి. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లో ఉంది. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి, రాజీనామా చేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పని దినాల్లో చెల్లించాలి. పాత వేతనాల చెల్లింపు చట్టం 24,000 లోపు జీతం ఉన్నవాళ్లకే వర్తించేది, ఈ కోడ్‌లో ఆ పరిమితి లేదు. ఇవన్నీ తెలిసినా మన దగ్గర అసలు చిక్కు ఎక్కడంటే, కొన్ని చోట్ల జీతంలో కొంత అకౌంట్లో వేసి మిగతాది చేతికిస్తారు. రేపు తేడా వస్తే చేతికిచ్చినదానికి సాక్ష్యం ఉండదు. మీకూ అలాగే ఇస్తుంటే ఏ తేదీన ఎంత ఇచ్చారో రాసుకోండి, వీలైతే "ఈ నెల జీతం ఇంత అందింది సార్" అని అకౌంటెంట్‌కి ఒక మెసేజ్ పెట్టండి.

ఈ మెసేజ్ అలవాటు అన్నిటికీ పనికొస్తుంది. మన కాలేజీల్లో ఆర్డర్లన్నీ నోటి మాటే. రాత్రి పదకొండుకి ఫోన్ చేసి రేపు స్టడీ అవర్ నువ్వే చూడాలంటారు, ఆదివారం రమ్మంటారు, తర్వాత నేనెప్పుడన్నాను అంటారు. వాదించకుండా, మర్యాదగా ఒక్క లైన్ పెట్టండి: "సార్, మీరు ఫోన్‌లో చెప్పినట్టు రేపు 6 నుంచి 9 వరకు స్టడీ అవర్‌లో ఉంటాను." అంతే. ఆరు నెలల తర్వాత మీరు ఎంత పని చేశారో చూపించడానికి ఆ లైన్లే మిగులుతాయి.

పీఎఫ్ పాస్‌బుక్ ఈ వారమే తెరవండి. మీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌తో లాగిన్ అయ్యి సంస్థ పేరు చూడండి. ఒకే కాలేజీ పేరుతో నడిచే క్యాంపస్‌లు వేరు వేరు ఎడ్యుకేషనల్ సొసైటీల పేర్ల మీద ఉండటం మామూలే, మీకు తెలియకుండానే మీ సర్వీసు ఒక సొసైటీలో ఆగి ఇంకో దాంట్లో మొదలై ఉండవచ్చు. ఇది ఎందుకు చెబుతున్నానంటే గ్రాట్యుటీ కోసం, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఒకేసారి వచ్చే డబ్బు కోసం. టీచర్లకి గ్రాట్యుటీ రాదని చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. 2004లో సుప్రీంకోర్టు రాదనే చెప్పింది, 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా చేసింది, ప్రైవేటు స్కూళ్లు దాని మీద కోర్టుకి వెళ్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ సరైనదేనని తేల్చింది. ఐదేళ్లు నిరంతర సర్వీసు ఉంటే చివరి బేసిక్, డీఏ కలిపి పదిహేనుతో గుణించి, ఇరవై ఆరుతో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. బేసిక్ 30,000 అనుకుంటే ఆరేళ్లకి లక్ష రూపాయలు దాటుతుంది. ఆరేళ్లు పనిచేసిన మీరు కోపంలో "నాకేం వద్దు, సర్టిఫికెట్లు ఇస్తే చాలు" అని ఏదైనా కాగితం మీద సంతకం పెట్టేస్తే పోయేది అది. "ఫుల్ అండ్ ఫైనల్‌గా అందింది" అన్న మాట ఉన్న కాగితం డబ్బు చేతికి రాకముందు ఎంత తొందరపెట్టినా సంతకం పెట్టకండి.

ఒకటి తెలుసుకోండి, మనం లేబర్ కోర్టు దాకా వెళ్తాం అనుకుంటే దారి సులువు కాదు. లేబర్ కోర్టుకి వెళ్లగలిగేది చట్టం "వర్క్‌మన్" (కార్మికుడు) అనేవాళ్లే, టీచర్ "వర్క్‌మన్" కాదని 1988లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 1982 నాటి విద్యా చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది, ప్రైవేటు సంస్థలోనైనా విచారణ లేకుండా, మీ వాదన వినకుండా తీసేయకూడదని దాని 79వ సెక్షన్ చెబుతోంది. అందుకే నోటితో "రేపటి నుంచి రావద్దు" అంటే ఇంటికి వెళ్లిపోకండి. మామూలుగానే వెళ్లి, రాతపూర్వకంగా ఇవ్వమని అడిగి, అడిగినట్టు మెయిల్ పెట్టండి. మీరే మానేశారు అని రాసుకోవడానికి వాళ్లకి అవకాశం ఇవ్వకూడదు.

అడ్మిషన్ల టార్గెట్ దగ్గర నేను చూసిన ఘోరం ఒకటి చెప్పాలి. టార్గెట్ పూర్తి కాకపోతే పరువు పోతుందని లెక్చరర్లే సొంత జేబులోంచి సీటు రిజర్వేషన్ ఫీజు కట్టి, ఇంకా నిర్ణయం తీసుకోని పిల్లల పేర్లు రాయిస్తారు. జూన్‌లో ఆ పిల్లలు వేరే కాలేజీలో చేరతారు, డబ్బు తిరిగి రాదు. అప్పు చేసి కట్టినవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఫీజు తగ్గిస్తామని తల్లిదండ్రులకి మీ నోటితో మాట ఇవ్వకండి, తర్వాత వాళ్లు వచ్చి నిలదీసేది మిమ్మల్నే, ఆఫీసు మాకు తెలియదంటుంది. ఇచ్చిన డేటాలో (పిల్లల ఫోన్ నంబర్ల లిస్టు) ఉన్నవాళ్లకి ఫోన్లు చేయండి, వెళ్లిన ఊళ్లు, కలిసినవాళ్లు రాసి రిపోర్టు ఇవ్వండి. పని చేశానని చూపించండి, ఫలితానికి పూచీ ఉండకండి. జీతం ఆపుతామంటే ఆ మాట రాసి ఇవ్వమనండి, ఎవరూ రాసి ఇవ్వరు.

మీతో పనిచేసే మేడమ్స్ కూడా ఇది చదువుతారు కాబట్టి: మాటలు, మెసేజ్‌లు హద్దు దాటితే అది "క్యాంపస్ కల్చర్" కాదు. 2013 చట్టం ప్రకారం పది మంది ఉన్న ఏ సంస్థలోనైనా అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, కమిటీ లేకపోతే జిల్లా స్థాయిలో ఉన్న స్థానిక కమిటీకి ఇవ్వవచ్చు. ప్రెగ్నెన్సీ తెలియగానే రాజీనామా అడిగితే ఇవ్వకండి. ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు మీ హక్కు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. సోమవారం తొమ్మిదింటికి మాటలు పడిన మనిషి పది గంటలకి క్లాసులోకి వెళ్తాడు. అక్కడ ఎనభై మంది పిల్లలు ఉంటారు, వాళ్లలో సగం మంది ఇల్లు వదిలి హాస్టల్లో ఉన్నవాళ్లు, వాళ్ల మార్కుల షీట్ కూడా ఆ రోజే గోడ మీద అంటించి ఉంటుంది. మీటింగులో మిమ్మల్ని అన్న మాటే మీ నోటి నుంచి వాళ్ల మీద పడే రోజు వస్తే, ఆ క్యాంపస్‌లో మీరు ఇంక ఒక్క నెల కూడా ఉండకూడదు. మీటింగు అవ్వగానే నేరుగా క్లాసుకి వెళ్లకుండా ఐదు నిమిషాలు బయట నడవండి, ఆ మొదటి పీరియడ్ కొత్త టాపిక్ కాకుండా ప్రాబ్లమ్స్ చేయించండి. ఏ పిల్లవాడైనా మాట్లాడటం తగ్గించేస్తే, తినడం మానేస్తే వార్డెన్‌కి చెప్పి ఊరుకోకుండా ఇంటికి మీరే ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 బోర్డు మూల రాసి ఉంచండి. తెలుగులో మాట్లాడతారు, ఆ నంబరు మీకూ పనికొస్తుంది, రాత్రి మూడింటి దాకా నిద్ర పట్టని స్థితిలో ఉన్నానని మీరే రాశారు.

ఇప్పుడు ఉండాలా వెళ్లాలా. ఆరోగ్యం మరీ దెబ్బతినకపోతే మార్చి పరీక్షల వరకు ఉండండి, పిల్లల కోసం, మీ సర్వీసు కోసం కూడా. మార్చి నుంచి మే వరకు ఉద్యోగాల కోసం డెమో క్లాసులు జరుగుతాయి, ఆరేళ్ల ఫిజిక్స్ లెక్చరర్‌కి పని దొరకని ఊరు మన రెండు రాష్ట్రాల్లో లేదు. "మేం ఫోన్ చేస్తే నిన్నెవరూ తీసుకోరు" అని బెదిరిస్తారు, పోటీ కాలేజీకి మీరు వెళ్తానంటే వాళ్లు సంతోషంగా తీసుకుంటారు. గవర్నమెంటు జేఎల్‌కి చదవండి, కానీ దానికోసం ఉద్యోగం మానేయకండి. తెలంగాణలో 1,392 పోస్టులకి 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే నియామక పత్రాలు అందేసరికి 2025 మార్చి అయింది. ఇల్లు గడవాలి కదా. కరోనాలో 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకి తెలంగాణ ప్రభుత్వం నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది, అప్పుడు కూరగాయలు అమ్మిన మనవాళ్లు ఎందరో. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవడం మన వృత్తిలో విలాసం కాదు.

కొత్త చోటికి వెళ్లినప్పుడు ప్యాకేజీ కన్నా ముందు, మీ స్థానంలో ఇంతకుముందు ఎవరు చెప్పారో, ఎందుకు వెళ్లారో కనుక్కోండి. వీలైతే ఆ మనిషితోనే మాట్లాడండి. డెమో అయ్యాక స్టాఫ్ రూమ్‌లో పది నిమిషాలు కూర్చుంటే ఇన్‌చార్జి లోపలికి వచ్చినప్పుడు ఎవరు ఎలా సర్దుకుంటారో కనిపిస్తుంది. వేసవి జీతం, ఆదివారాలు, అడ్మిషన్ల పని, అకౌంట్లో పడే మొత్తం, ఇవి అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉండాలని అడగండి. ఒరిజినల్స్ చూపించి జిరాక్సులు ఇవ్వండి, తప్పదంటే లిస్టు రాసి, స్టాంపు, సంతకం, తిరిగి ఇచ్చే తేదీతో రసీదు తీసుకున్నాకే ఇవ్వండి.

ముందు సర్టిఫికెట్ల లెటర్ రాయండి సార్. మీ పేరు, కాలేజీ పేరు తీసేసి ఇక్కడ పెడితే నేను చూసి దిద్దిపెడతాను, పీఎఫ్ పాస్‌బుక్‌లో సొసైటీ పేరు మారినట్టు కనబడితే అది కూడా చెప్పండి, గ్రాట్యుటీ ఎలా అడగాలో దాన్ని బట్టి రాస్తాను.